మా కోడలూ, చెత్త లారీ, రెండు రబ్బరు గొట్టాలూ

మా వీధిలో పన్నెండు రోజులు చెత్త కదల్లేదు. చెత్త ఎవరిదైనా, మాటలు మాత్రం నా గుమ్మం ముందుకే వచ్చాయి. చెత్త లారీలు నిలిపే షెడ్డులో పనిచేసేది మా కోడలు మరి. ఎదురింటావిడ పళ్ళు తోముకుంటూనే మొదలెట్టేది.

"ఏమమ్మా, మీ కోడలి లారీ ఇవాళైనా వస్తుందా?"

"మా కోడలు దాన్ని కనలేదమ్మా, కడుగుతుంది అంతే" అనేదాన్ని నేను.

నోరు నాకూ ఉంది కాబట్టి ఊరుకోలేదు గానీ, లోపల నా దిగులు వేరు. ఆ లారీ కదలకపోతే వీధికి కంపు. మా కోడలికి మాత్రం ఎనిమిదేళ్ళ కష్టం బూడిదలో పోసినట్టు. ఆ సంగతి చెప్పాలంటే ముందు ఆ మనిషి సంగతి చెప్పాలి.

ఆమె మా ఇంటికొచ్చి పదహారేళ్ళు. నేను పది మాటలంటే ఆమె ఒకటి అంటుంది, ఆ ఒకటీ మర్నాడు అంటుంది. వచ్చిన కొత్తలో మూగదేమో అని మావాణ్ణి పక్కకి పిలిచి అడిగాను. "లేదమ్మా, నాతో మాట్లాడుతుంది" అన్నాడు వాడు సిగ్గుపడుతూ. వాడు రొట్టెల ఫ్యాక్టరీలో పొయ్యి దగ్గర పని. ఆ వేడిలో నుంచి ఇంటికొస్తే నా గోల. ఆమె నెమ్మదే వాడికి చల్లగాలి.

మాట లేదు గానీ చెవి ఉంది. ఇంట్లో ఫ్యాను మొరాయించినా, మిక్సీ గీపెట్టినా, మేమందరం ముందు దాన్ని నాలుగు బాదుతాం. ఆమె మాత్రం దాని పక్కన చతికిలబడి కూర్చుని వింటుంది. వైద్యుడు ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నట్టు. చాలాసేపు విన్నాక ఒక్క మర విప్పుతుంది. అదే సరైన మర అయ్యుంటుంది. నాకు ఒళ్ళు మండేది. కుదిరిందని కాదు, నేను బాదినప్పుడు కుదరలేదని.

ఎనిమిదేళ్ళ కిందట షెడ్డులో లారీలు కడిగే పనికి కుదిరింది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతిలో తుపాకిలా తన్నే నీళ్ళ గొట్టం. ఊరి కుళ్ళంతా ఆ లారీల మీద. సాయంత్రం ఇంటికొస్తే నేను గుమ్మంలో అడ్డం నిలబడేదాన్ని. "ముందు బట్టలు పెరట్లోకి, తర్వాత నువ్వు ఇంట్లోకి" అనేదాన్ని. నేరుగా పెరట్లోకి పోయేది. ఇప్పుడు తల్చుకుంటే నా నోటికి నేనే తాళం వేసుకోవాలనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు.

ఆరేళ్ళు అలా కడిగింది. ఆ తర్వాత డీజిలు మెకానిక్కుల బడి ఒకటి సాయంత్రాలు నడుస్తుందని తెలిసి అందులో చేరింది. క్లాసులో ఇరవై మంది మగపిల్లలు, ముప్పై ఎనిమిదేళ్ళ మా కోడలు. వంటింట్లో పొయ్యి పైన గోడకి ఇంజను బొమ్మలు అంటించింది. కూర కలుపుతూ చదివేది. నూనె చిట్లి ఆ బొమ్మలు నిజం ఇంజన్ల కంటే జిడ్డుగా తయారయ్యాయి. "కూరలో ఉప్పెక్కువైంది, పిస్టన్ను చూస్తూ వేశావా?" అని అడిగేదాన్ని. రెండేళ్ళు చదివి ఆ ఇరవై ఒక్కమందిలో రెండోదిగా నెగ్గింది. మొదటిగా వచ్చినవాడికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు.

నెగ్గగానే పని ఇచ్చేశారా? ఇవ్వలేదు. మూడు నెలలు ట్రయలు అన్నారు. పొద్దున రెండు లారీలు కడగాలి, మిగతా పూటంతా మెకానిక్కుల వెనక తిరగాలి. మూడు నెలలయ్యాక హెడ్డు మేస్త్రి ఒక కాగితం మీద ఒక్క మాట రాస్తాడు. మెకానిక్కు అని రాస్తే ఆమెకి లారీ కిందికి దిగి పనిచేయడానికి సొంతంగా ఒక గుంత, గోడ మీద ఒక పనిముట్ల బోర్డు. కడిగే పని అని రాస్తే మళ్ళీ ఆ రబ్బరు బూట్లే, రిటైరయ్యే దాకా. రాసే రోజు సోమవారం.

ఈ హెడ్డు మేస్త్రి చెడ్డవాడేం కాదు. ముప్పై ఏళ్ళ సర్వీసు. ఆయన షెడ్డు చెత్త లారీల షెడ్డులా ఉండదు, ఆపరేషను గదిలా ఉంటుంది. ఆయనకి ఒకటే పిచ్చి. ఏదీ వేలాడకూడదు. వైరైనా, గొట్టమైనా, గుడ్డైనా, కంటికి వేలాడుతూ కనిపిస్తే చాలు, జేబులోంచి నల్లటి ప్లాస్టిక్ ట్యాగు తీసి టక్కున బిగించి, తోక కత్తిరించేస్తాడు. గోడ మీద క్యాలెండరుకీ ట్యాగే. టీ కప్పు చెవికీ ట్యాగే. నేను క్యారియరు పట్టుకుని వెళ్ళినప్పుడల్లా కొంగు బొడ్లో దోపుకుని మరీ వెళ్ళేదాన్ని, ఎందుకొచ్చిన గొడవ అని.

ఇక లారీ జబ్బు. అది షెడ్డులో కొత్త లారీ, మా వీధికొచ్చేదీ అదే. పొగ నల్లగా బయటికి రాకుండా దానికి మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, డ్రమ్ములాంటి డబ్బా. మా కోడలు నాకు అర్థమయ్యేలా చెప్పింది. "మన ముక్కులాంటిదే అత్తమ్మా. మసి నిండితే ముక్కు దిబ్బడేస్తుంది. దిబ్బడేసిందో లేదో చూడ్డానికి డబ్బాకి ముందు ఒక సన్న గొట్టం, వెనక ఒక సన్న గొట్టం. రెండూ పోయి ఒక సెన్సరుకి తగులుతాయి. ముందు పొగ తోపు ఎక్కువుండి వెనక తక్కువుంటే, డబ్బా నిండిందని సెన్సరు చెబుతుంది. అప్పుడు లైటు వెలుగుతుంది. లైటు వెలిగితే ఇంజను తనంతట తనే బలం తగ్గించేసుకుంటుంది."

చలి మొదలైనప్పటి నుంచీ ఈ లారీకి ఆ లైటు వెలగడం, లారీ ముసలిదానిలా ఈడ్వడం, ఎత్తు మీద ఆగిపోవడం. కంపెనీ నుంచి లాప్‌టాప్ పట్టుకుని ఒకాయన వచ్చాడు. మసి కాల్చే పని చేయించాడు. రెండు రోజులు లారీ గుర్రంలా పరిగెత్తింది, మూడో రోజు మళ్ళీ లైటు. సెన్సరు మార్చారు. మళ్ళీ లైటు. ఇంకో సెన్సరు మార్చారు. మళ్ళీ అంతే. చివరికి లారీని షెడ్డులోనే నిలిపేశారు. విప్పిన సెన్సర్లు చూస్తే లోపల తడి.

తడి అనగానే అందరి కళ్ళూ నీళ్ళ గొట్టం పట్టుకునే మనిషి మీద పడ్డాయి. శుక్రవారం షెడ్డులో అందరి ముందూ హెడ్డు మేస్త్రి అన్నాట్ట, "అమ్మాయ్, నీ నీళ్ళకి రెండు సెన్సర్లు పోయాయి. ఇప్పుడున్నది మూడోది. ఇదీ తడిసిందంటే సోమవారం కాగితం మీద ఏం రాయాలో నాకొకరు చెప్పక్కర్లేదు."

ఈ మాట నాకు మా కోడలు చెప్పలేదు. లారీ డ్రైవరు చెప్పాడు, వీధి చివర ఎదురుపడి. నేను ఇంటికొచ్చేసరికి ఆమె గిన్నెలు తోముతోంది.

"అంత మాటంటే నోట్లో ఏం పెట్టుకున్నావు?" అన్నాను.

"కడిగేటప్పుడు ఆ పక్క రేకు అడ్డం పెట్టి కడుగుతానత్తమ్మా. చుక్క తగలదు."

"ఆ ముక్క ఆయన మొహానే అనలేకపోయావా?"

"అంటే నమ్మరు. చూపించాలి."

"ఏం చూపిస్తావు?"

గిన్నె తోమడం ఆపి కాసేపు గోడమీది బొమ్మలకేసి చూసింది. "ఇంకా తెలీదు" అంది.

ఆదివారం పొద్దున డ్రైవర్ని ఇంటికి పిలిచింది. అతను గుమ్మం దగ్గర పీట మీద కూర్చున్నాడు. చెత్త లారీ మనిషి ఇంట్లోకి రావచ్చో లేదో అని మొహమాటపడుతుంటే, "మా ఇంట్లో ఎనిమిదేళ్ళుగా ఉంటోంది ఆ వాసన, రావయ్యా" అన్నాను. మా కోడలు టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. ఆ రోజు ఆమె అన్ని ప్రశ్నలు అడగడం నేను మొదటిసారి చూశాను.

"లైటు ఏ పూట వెలుగుతుందన్నా?"

"పొద్దున్నే. స్టార్టు చేసి చేయగానే."

"మధ్యాహ్నం ఎప్పుడైనా?"

"ఒక్కసారీ లేదు. మధ్యలో ఒక పూట బండి ఆపేస్తే మర్నాడు మాత్రం గ్యారంటీ. చలెక్కువుంటే ఇంకా గ్యారంటీ."

"ఆ మధ్య షెడ్డులో మోటారు కాలిపోయి నాలుగు రోజులు నీళ్ళు లేవు కదా. బళ్ళు కడగలేదు. అప్పుడు?"

డ్రైవరు కప్పు కింద పెట్టాడు. "వెలిగింది! మూడో రోజు వెలిగింది."

"ఆ మాట హెడ్డుకి చెప్పావా?" అన్నాను నేను ఉండబట్టలేక.

"ఆయన అడగలేదు పెద్దమ్మా."

"నీ జుట్టు అంటుకుంటే కూడా ఎవరైనా అడిగే దాకా ఆగుతావా నాయనా?"

అతను తల గోక్కున్నాడు. మా కోడలికి మా మాటలు వినబడటం లేదు. కళ్ళు ఎటో ఉన్నాయి. మిక్సీ పక్కన కూర్చున్నప్పటి మొహం అది.

"అత్తమ్మా, మీ లెవెల్ పైపు ఉందా?" అంది.

నేను ముప్పై ఏళ్ళు ఇళ్ళ పనిలో చేశాను. ఇటుకలు మోయడంతో మొదలెట్టి, తాపీ మేస్త్రికి లెవెల్ పట్టే దాకా వచ్చాను. లెవెల్ పైపంటే ఏం లేదు, లోపలున్నది కనబడే సన్నటి గొట్టం. నీళ్ళు నింపి ఈ మూల నేనూ ఆ మూల మేస్త్రీ పట్టుకుంటే, రెండు చోట్లా నీళ్ళు ఒకే ఎత్తులో నిలబడతాయి. అక్కడ గీత గీస్తే గోడ సరిగ్గా లేస్తుంది. నాది అటక మీద చుట్టచుట్టి ఉంది. అది నా ఆస్తి.

"ఎందుకు?"

"ఒక మూరెడు కోసివ్వాలి."

"కోయాలా! నీ జడ కోసిమ్మంటే ఇస్తావా?"

"ఇస్తాను" అంది. ఆమెనే అటకెక్కించి దింపించాను. కానీ కత్తి ఆమె చేతికివ్వలేదు, నేనే కోశాను. కోస్తూ నా చదువు నేను చెప్పాను. "దీంతో జాగ్రత్త. నీళ్ళ మధ్య ఒక్క గాలి బుడగున్నా అబద్ధం చెబుతుంది. మేస్త్రి నాకు ముందు నేర్పిందే అది. బుడగ పట్టిందంటే గోడ వంకర."

మా కోడలు నవ్వింది. ఏడాదికి నాలుగుసార్లు నవ్వుతుందేమో, అందులో ఒకటి అది.

"అదే అత్తమ్మా. అక్కడ తిరగబడింది. గాలి మధ్య నీళ్ళున్నాయి."

సోమవారం పొద్దున నేనూ బయల్దేరాను. నా పైపు పోతోంటే నేను పోనా? షెడ్డులో చలికి ఇనుమంతా చెమ్మగిల్లి ఉంది. లారీ గుంత మీద నిలబడి ఉంది. లాప్‌టాప్ ఆయన అప్పటికే వచ్చి, కొత్త ఫిల్టరు తెప్పించే కాగితాలు బల్ల మీద పరిచాడు. హెడ్డు మేస్త్రి నన్ను చూసి కనుబొమలు ఎగరేశాడు.

"ఈవిడెందుకు?"

"మా అత్తమ్మండి. పైపు ఆవిడదండి" అంది మా కోడలు.

"ఏ పైపు?"

"కనబడుతుందిలే మేస్త్రీ" అన్నాను.

మా కోడలు నేరుగా ఆయన దగ్గరికెళ్ళి ఒక తాళంచెవి చేతిలో పెట్టింది. "కడిగే నీళ్ళ వాల్వుకి తాళం వేశానండి. చెవి మీ జేబులో పెట్టుకోండి. మీరు తీస్తే గానీ ఇవాళ షెడ్డులో చుక్క నీళ్ళు రావు." ఆయన వింతగా చూశాడు గానీ జేబులో వేసుకున్నాడు, ట్యాగుల పక్కన.

తర్వాత లాప్‌టాప్ ఆయన వైపు తిరిగింది. "ఇంజను స్టార్టు చెయ్యకుండా, తాళం మాత్రం తిప్పి, సెన్సరు ఏమంటోందో చూపించండి సార్."

తెర మీద ఇరవై రెండు అని పడింది. నాకు అక్షరాలు కూడబలుక్కోవాలి గానీ అంకెలు బాగానే వచ్చు.

"చెప్పాగా, ఫిల్టరు నిండింది" అన్నాడాయన.

"ఇంజను ఆగి ఉంది కద సార్. ఊపిరే లేనప్పుడు ముక్కు దిబ్బడేసిందని ఎలా తెలుస్తుంది? సున్నా ఉండాలి కదా?"

ఆయన తెర మళ్ళీ చూశాడు. "అయితే సెన్సరు పోయినట్టు."

"మూడోది!" అన్నాడు హెడ్డు మేస్త్రి. మా కోడలికేసి చూశాడు.

ఆమె గుంతలోకి దిగింది. ఒక గ్లాసు అడ్డం పెట్టి, సెన్సరు నుంచి ఫిల్టరు ముందువైపు గొట్టం లాగింది. సర్రుమని నీళ్ళు గ్లాసులో పడ్డాయి. ఎక్కువేం కాదు, రెండు చెంచాలు. వెనకవైపుదీ లాగితే అందులో రెండు బొట్లు. అందరం గ్లాసులోకే చూస్తున్నాం. ఆమె మాత్రం "తెర చూడండి సార్" అంది. తెర మీద సున్నా.

"సెన్సరు బాగానే ఉంది. ఉన్నదున్నట్టే చెబుతోంది. నీళ్ళ బరువు చెబుతోంది."

"నీళ్ళు!" హెడ్డు మేస్త్రి గొంతు షెడ్డు కప్పుకి తగిలింది. "చూశారా అందరూ? నేను అన్నదేమిటి? నీళ్ళే కదా! ఇంకా ఏం చూపిస్తావమ్మా నువ్వు?"

పక్క గుంతల్లోని మెకానిక్కులు కూడా వచ్చి మూగారు. తన గొయ్యి తనే తవ్వుకుందే పిచ్చిది అనుకున్నాను. ఆమె మాత్రం గ్లాసు నా చేతికిచ్చింది.

"అత్తమ్మా, ఇవి మీ పైపులో పోసి నిలబెట్టండి."

పైపు కొసన బొటనవేలు నొక్కిపెట్టి పోశాను. ఒక్క చుక్క కింద పడలేదు, ముప్పై ఏళ్ళ పని ఊరికే పోతుందా. నీళ్ళు పైపులో నల్లగా నిలబడ్డాయి. చెయ్యి చాచి కొలిచాను.

"జానెడు" అన్నాను.

లాప్‌టాప్ ఆయన స్కేలు తెచ్చి పెట్టాడు, ఫోనులో ఏదో లెక్క కట్టాడు. మళ్ళీ కట్టాడు. "జానెడు నీళ్ళ బరువు ఇరవై రెండే వస్తోంది" అన్నాడు నెమ్మదిగా. బల్ల మీది కాగితాలు తీసి సంచీలో పెట్టేసుకున్నాడు. అతను తెలివైనవాడే, కాస్త తొందరెక్కువ.

"బరువు సంగతి సరే, ఆ నీళ్ళు ఎవరు కొట్టారు?" హెడ్డు వదల్లేదు.

"అదే చూద్దామండి" అంది మా కోడలు.

గొట్టాల్లో గాలి కొట్టి పొడిగా ఆరబెట్టింది. నా పైపూ ఖాళీ చేసి అలాగే ఆరబెట్టి, ఆ ముందువైపు గొట్టం కింద ఊయలలా వంగి ఉన్న చోట అతికించింది. లోపల ఏం జరిగినా కనబడే కిటికీ అన్నమాట. ఇంజను స్టార్టు చేయించింది. మేం గుంత అంచున చతికిలబడ్డాం, హెడ్డు మేస్త్రి, నేను, డ్రైవరు, లాప్‌టాప్ ఆయన, చలికి చేతులు చంకల్లో పెట్టుకుని.

ముందు ఏమీ లేదు. కాసేపటికి పైపు లోపల మసక పట్టింది, చలికాలం కిటికీ అద్దం మీద ఊపిరి వదిలినట్టు. ఇంకాసేపటికి ఆ మసక సన్న సన్న ముత్యాలైంది. ఇరవై నిమిషాలకి ఇంజను ఆపించింది. లారీ చల్లారుతుంటే ఒక బొట్టు కదిలింది. ఇంకో బొట్టు దాన్ని కలిసింది. రెండూ జారి పైపు అడుగున, ఆ ఊయల మధ్యలో, నిలబడ్డాయి. వాటి వెనకే మరొకటి.

హెడ్డు మేస్త్రి చెయ్యి తనంతట తనే జేబులోకి పోయి తాళంచెవిని తడుముకుంది.

"డీజిలు కాలితే పొగతో పాటు ఆవిరి కూడా వస్తుందండి" అంది మా కోడలు. అంతమంది మగాళ్ళ మధ్య ఆమె గొంతు అంత స్థిమితంగా ఉండటం నాకే వింతనిపించింది. "చలికి గొట్టంలో నీరవుతుంది. ప్రతి లారీలోనూ అవుతుంది. సెన్సరు పైన ఉండి గొట్టాలు కిందికి దిగితే, ఆ నీరు డబ్బాలోకే కారిపోయి వేడికి ఎగిరిపోతుంది. ఇందులో సెన్సరు కిందుంది. గొట్టం కిందికి దిగి మళ్ళీ పైకి లేచింది. నీరు పోయే దారి లేక రోజూ కాస్త కాస్త చేరుతోంది. మసి కాల్చినప్పుడు వేడికి ఆరిపోతుంది, అందుకే రెండు రోజులు బాగుంటుంది. ఎక్కువైతే సెన్సర్లోకే పోతుంది."

"కంపెనీలో పైనే కదా పెట్టేది?" లాప్‌టాప్ ఆయన గుంతలోకి వంగాడు. "దీన్ని కిందికి ఎవరు దించారు?"

మా కోడలు గుడ్డతో చేతులు తుడుచుకుంటోంది. తుడవడానికి ఏమీ లేకపోయినా తుడుచుకుంటోంది. నేను కింద చూశాను. సెన్సరు చక్కగా ఒక రేకు చాటున కూర్చుంది, గొట్టాలు రెండూ చట్రం వెంబడి ఒద్దికగా పరుచుకున్నాయి, జానెడుకొక నల్ల ట్యాగు, తోకలు కత్తిరించి. నా నాలుక మీద కనీసం పది మాటలు వచ్చి కూర్చున్నాయి. మా కోడలు నాకేసి ఒక్క చూపు చూసింది. పదీ మింగేశాను. నా జన్మలో అదే మొదటిసారి.

"నేనే" అన్నాడు హెడ్డు మేస్త్రి. "కడిగేటప్పుడు నీళ్ళు తగులుతాయని నేనే కిందికి దించాను. వేలాడుతున్నాయని కట్టాను."

ఆయన ఆ పైపులో బొట్లకేసి చూశాడు. ఆ మొహంలో కోపం లేదు. ముప్పై ఏళ్ళుగా బాగు చేస్తున్న మనిషికి తన చెయ్యే పాడు చేసిందని తెలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. నాకు జాలేసింది. ఎక్కువసేపు వెయ్యలేదు.

"అయితే నీళ్ళు కొట్టింది మా కోడలు కాదుగా మేస్త్రీ?" అన్నాను. మింగినవి పది, ఇది పదకొండోది.

"కాదు" అన్నాడు, గట్టిగా, అందరికీ వినబడేలా. "ఆమె కాదు." తర్వాత మా కోడలితో, "పైకెక్కించు. నువ్వే చెయ్యి" అన్నాడు.

ఆమె ట్యాగులన్నీ తెంపింది. సెన్సర్ని పాత చోటికి, డబ్బాకంటే ఎత్తుకి చేర్చింది. రెండు గొట్టాలూ ఎక్కడా కడుపు లేకుండా సూటిగా కిందికి దిగాయి. ఆయన పక్కన నిలబడి చూస్తూ చూస్తూ ఒక చెయ్యి జేబులోకి పోనిచ్చాడు.

"అమ్మాయ్, అలా వదిలేస్తే నాకు రాత్రి నిద్రపట్టదు."

"ఒక్కటి వేసుకోండి మేస్త్రిగారూ. పైన."

ఆయన ఒక్కటంటే ఒక్కటే వేశాడు. చిన్నపిల్లాడికి మిఠాయి దొరికినట్టు మొహం విప్పారింది.

తెర మీద ఇంజను ఆగి ఉంటే సున్నా. స్టార్టు చేస్తే ఎనిమిది. గట్టిగా తొక్కితే పెరిగి, వదిలితే మళ్ళీ ఎనిమిదికి దిగింది. "ఫిల్టరు శుభ్రంగా ఉంది" అన్నాడు లాప్‌టాప్ ఆయన, పాత తప్పుడు లెక్కలు చెరిపేస్తూ. "మార్చి ఉంటే కొత్తదానికీ ఇదే లైటు వెలిగేది." డ్రైవరు లారీ ఎక్కాడు. మొదట మా వీధికే పోయాడు. పన్నెండు రోజుల చెత్త, అంతా ఒక్క ట్రిప్పులో కుక్కి, ఊరవతల డంపు ఎత్తు ఎక్కించాలి. లైటు వెలిగితే అక్కడే వెలగాలి.

మేం షెడ్డు గేటు దగ్గర నిలబడ్డాం. అక్కడి నుంచి ఆ ఎత్తు కనబడుతుంది. లారీ నిండు చూలాలిలా నెమ్మదిగా మొదలెట్టి, సగం దాకా వచ్చింది. ఎప్పుడూ ఆగేది అక్కడే. మా కోడలు నా మోచెయ్యి పట్టుకుంది. ఆమె నన్ను పట్టుకోవడం అదే మొదలు. ఇంజను చప్పుడు మాకు వినబడుతోంది. నేను లారీని చూస్తున్నాను, ఆమె కళ్ళు మూసుకుని వింటోంది.

"ఎక్కేస్తుంది" అంది.

ఎక్కేసింది. పైకెళ్ళి ఆ డ్రైవరు ఆపకుండా హారను కొట్టాడు, పెళ్ళివారి బస్సులాగా. ఫోను చేసి అరిచాడు, "అక్కా! మూడో గేరులో ఎక్కింది! లైటు లేదు, ఏం లేదు!" షెడ్డులో ఎవడో పానాతో ఖాళీ డ్రమ్ము మీద కొట్టాడు, ఆ తర్వాత అందరూ కొట్టారు. నేను కూడా క్యారియరు మూతతో గేటు మీద కొట్టాను. ఎందుకు కొట్టకూడదు?

హెడ్డు మేస్త్రి గదిలోకెళ్ళి కాగితం తెచ్చాడు. పక్కనున్న ఇంకో లారీ ముందు భాగం మీద పెట్టుకుని రాసి మా కోడలికిచ్చాడు. ఆమె చదవలేదు, నాకిచ్చింది. నేను వేలు పెట్టి కూడబలుక్కున్నాను. "మె... కా... నిక్కు." మూడు ముక్కలే. మూడు ముక్కలకి నా కళ్ళు తడవడమేమిటో.

"గోడ మీద ఆ చివరి బోర్డు నీది" అన్నాడాయన. "రేపట్నుంచి కడగడానికి వేరే మనిషి వస్తాడు. వాడికి ఆ రేకు అడ్డం పెట్టడం నువ్వే నేర్పు."

ఏదైనా అంటుందేమో, కనీసం నమస్కారమైనా పెడుతుందేమో అని చూస్తున్నాను. ఆమె షెడ్డు లోపలికి చూస్తోంది.

"మేస్త్రిగారూ, మిగతా నాలుగు లారీల్లో కూడా సెన్సర్లు కిందికి దించారా?"

ఆయన మెడ నిమురుకున్నాడు. "నాలుగూ. ఇందులో తడి చూశాక, మొన్నే."

"అయితే అవి కూడా ఇవాళే విప్పేద్దాం. రేపు చలి ఇంకా ఎక్కువట."

సాయంత్రం దాకా విప్పారు. నేను ఇంటికెళ్ళి వండి, మళ్ళీ క్యారియరు తెచ్చాను. వీధిలో ఎదురింటావిడ నన్ను ఆపి, "మీ కోడలి లారీ వచ్చిందమ్మా!" అంది. "మా కోడలిదే" అన్నాను, ఆగకుండా నడుస్తూ.

నేను వెళ్ళేసరికి నాలుగో లారీ కింద ఉంది మా కోడలు. కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి. కింద నేల మీద తెంపిన నల్ల ట్యాగులు, గుప్పెడు. పక్కన హెడ్డు మేస్త్రి ఒక మోకాలి మీద కూర్చుని టార్చి లైటు పట్టుకుని ఉన్నాడు. లారీ కింద నుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది, జిడ్డుతో నల్లగా, అరచెయ్యి పైకి.

"పదో నంబరు పానా" అంది లోపలి గొంతు, ఎవరున్నారో చూడకుండానే.

హెడ్డు మేస్త్రి లైటు ఎడమ చేతికి మార్చుకుని, వెతికి, తుడిచి, ఆ చేతిలో పెట్టాడు.